పాత లేజర్‌కి కొత్త కప్పీలు, కొత్త తాళ్ళు: ఒక సీజన్ వాడాక

హుస్సేన్ సాగర్‌లో నేను నడిపేది పాత లేజర్, ఒక్కరే నడిపే చిన్న తెరచాప పడవ, ఇప్పుడు ఐఎల్‌సీఏ 7 అంటున్నారు కదా, అదే. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. పడవ గట్టిగానే ఉంది గానీ తాళ్ళ అమరిక మాత్రం పాతకాలం నాటిది. బూమ్‌ని, అంటే తెరచాప అడుగున ఉండే అడ్డ గొట్టాన్ని, కిందికి లాగే కిక్కర్ లాగితే మూడింతల బలమే వచ్చేది, తెరచాపని కిందికి బిగించే కన్నింగ్‌హామ్‌కి మామూలు క్లామ్ క్లీట్ (తాడు జారకుండా పట్టే బిగింపు), తెరచాప అడుగంచుని బిగించే అవుట్‌హాల్ అయితే బూమ్ మీదే. చిన్న గాలికి పర్వాలేదు. జూలైలో గాలి ఒక్కసారిగా కొట్టినప్పుడు మాత్రం, అంచు మీద బయటికి వాలి కూర్చున్నవాడిని లోపలికి వంగి రెండు చేతులా లాగాల్సి వచ్చేది, ఈలోపే పడవ ఒరిగిపోయేది.

అందుకే హార్కెన్ వాళ్ళ కిక్కర్ కిట్, డెక్ కప్పీలు, క్యామ్ క్లీట్ల ప్లేటు తెప్పించాను. కస్టమ్స్‌తో కలిపి ఖర్చు బాగానే అయింది. డెక్‌కి కొత్తగా చిల్లులు పెట్టాల్సిన పని లేదు, పాత స్క్రూల రంధ్రాల్లోనే కూర్చున్నాయి, అది నాకు చాలా నచ్చింది.

అన్నిట్లోకీ కిక్కర్‌కి పెట్టిన డబ్బే సార్థకం. ఈ రకం పడవల పోటీ నిబంధనల ప్రకారం 15:1 వరకు, అంటే పదిహేనింతల బలం వచ్చేలా పెట్టుకోవచ్చు, అంటే కప్పీల రాపిడి పోను కూడా ఒక్క చేత్తో లాగితే బూమ్ దిగుతుంది, మాస్ట్ వంగుతుంది, తెరచాప చదునవుతుంది. బిగించడం కంటే వదలడం ఇంకా ముఖ్యం. పోటీలో గాలికెదురుగా ఉండే మార్క్ (నీళ్ళలో తేలే గుర్తు) చుట్టూ తిరిగి గాలి పోయే వైపుకి మళ్ళేటప్పుడు కిక్కర్ బిగువుగానే ఉంటే బూమ్ చివర నీళ్ళకి తగిలి పడవ తలకిందులవుతుంది, పోయిన ఏడాది నాకు రెండుసార్లు అయింది. ఇప్పుడు తాడు చివర పిడిని ఒక్కసారి పైకి గుంజితే చాలు, క్లీట్ విడిపోతుంది, కళ్ళు గాలి మీద నుంచి తిప్పక్కర్లేదు.

తాళ్ళ విషయంలో మాత్రం దెబ్బ తిన్నాను. కిట్‌లో తాళ్ళు రాలేదని ఊళ్ళోనే ఒక షాపులో 4 మి.మీ. డైనీమా, అంటే దాదాపు సాగని గట్టి తాడు, అడిగి కొన్నాను. గట్టిగా లాగితే రబ్బరులా సాగుతుంటే అనుమానమొచ్చి, ఇంటికొచ్చి చిన్న ముక్క కోసి బకెట్ నీళ్ళలో వేశాను. తొడుగు లేని డైనీమా నీళ్ళ కంటే తేలిక, తేలాలి. ఇది రెండు బుడగలు వదిలి అడుగుకి వెళ్ళిపోయింది. పాలిస్టరో నైలానో డైనీమా ధరకి అంటగట్టారన్నమాట. కొనేముందు మీరూ ఇలా చూసుకోండి, అయితే పాలీప్రొపిలీన్ కూడా తేలుతుంది కాబట్టి లాగి కూడా చూడాలి.

అసలు డైనీమా వచ్చాక ఇంకో చిక్కు. తొడుగు లేని 4 మి.మీ. తాడు క్యామ్ క్లీట్ పళ్ళ మధ్య నుంచి జారిపోతుంది, నున్నగా ఉంటుంది కదా. అందుకే కప్పీల మధ్య కదలకుండా ఉండే చోట మాత్రమే అది ఉంచి, చేత్తో లాగే చోట తొడుగున్న 5 మి.మీ. వేశాను. అరచేతికి కూడా హాయి. ముడుల దగ్గర కూడా జాగ్రత్త, డైనీమాకి వేసిన బౌలైన్ ముడి చివర పొట్టిగా వదిలితే నెమ్మదిగా జారి ఊడిపోతుంది. ముడికి బదులు తాడు చివరని అదే తాడులోపలికి దూర్చి స్ప్లైస్ చేయడం మేలు, తాడు వ్యాసానికి 72 రెట్లు లోపలికి దూర్చమంటారు, 4 మి.మీ.కి దాదాపు 29 సెం.మీ. అంత పొడవు లేని చోట నేను సూదీ దారంతో అటూ ఇటూ కుట్టేశాను, ఇంతవరకు కదల్లేదు.

హుస్సేన్ సాగర్ నీళ్ళకి కప్పీల్లో నాచు, జిడ్డు పట్టేస్తాయి. దిగగానే మంచినీళ్ళతో కడగకపోతే వారం తిరక్కుండానే కప్పీ బిగుసుకుంటుంది.

డబ్బు ఒకేసారి పెట్టలేనివాళ్ళు ముందు కిక్కర్ మార్చండి, తర్వాత కన్నింగ్‌హామ్. అవుట్‌హాల్ వచ్చే సీజన్‌కైనా పర్లేదు.