గ్నోమ్, ప్లాస్మా, ఎక్స్ఎఫ్‌సీఈ: పడిపోతే ఏది ఎంత నష్టం చేస్తుంది?

లినక్స్‌లో ఏ డెస్క్‌టాప్ (తెర మీది ప్యానెళ్లు, మెనూలు, విండోలు అన్నీ చూసుకునే సాఫ్ట్‌వేర్) స్థిరంగా ఉంటుందని అడిగితే ఎవరి ఇలవేల్పు పేరు వాళ్లు చెబుతారు. బగ్గులు లేనిది ఎలాగూ లేదు. అందుకే నేను ఇంకో ప్రశ్న వేసుకుంటాను: బగ్గు వచ్చినప్పుడు నా పని మిగులుతుందా, పోతుందా? సగం రాసిన ఉత్తరం, తెరిచి పెట్టుకున్న పాతిక ట్యాబులు ఏమవుతాయి? ఈ లెక్కన చూస్తే గ్నోమ్, ప్లాస్మా, ఎక్స్ఎఫ్‌సీఈ మూడింటివీ మూడు దారులు.

గ్నోమ్‌ను వచ్చింది వచ్చినట్టు వాడుకునేవాళ్లకు అసలు ఇబ్బందే తక్కువ. సెట్టింగులు తక్కువ కాబట్టి బెడిసికొట్టే చోట్లూ తక్కువే. చిక్కంతా మన దగ్గర వస్తుంది. కింద డాక్ లేకపోతే తోచదు, పైన ట్రే ఐకాన్లు లేకపోతే చేయి ఆడదు. దాంతో ఎక్స్‌టెన్షన్లు, అంటే అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు, పెట్టేస్తాం. ఈ ఎక్స్‌టెన్షన్లు పక్కన నిలబడి పనిచేసేవి కావు. ప్యానెల్, మెనూలు చూపే గ్నోమ్ షెల్ లోపలికే దూరి, దాని జావాస్క్రిప్ట్‌ను అక్కడికక్కడే మార్చేస్తాయి. గ్నోమ్‌కు ఏటా మార్చిలో ఒకటి, సెప్టెంబరులో ఒకటి కొత్త వెర్షన్లు వస్తాయి. లోపలి కోడ్ మారినప్పుడల్లా ఎక్స్‌టెన్షన్లకు గండమే. 2023 సెప్టెంబరులో వచ్చిన గ్నోమ్ 45లో మాడ్యూళ్ల పద్ధతి మారడంతో పాత ఎక్స్‌టెన్షన్లను తిరగరాయక తప్పలేదు. కాబట్టి "గ్నోమ్ క్రాష్ అవుతోంది" అని ఎవరైనా అంటే, ఎక్స్‌టెన్షన్లన్నీ ఆపేసి చూశారా అని ముందు అడగాలి.

నాకు అసలు భయం వేరే చోట ఉంది. ఆప్‌ల విండోలను తెర మీదికి తెచ్చే కొత్త పద్ధతి పేరు వేలాండ్. అందులో గ్నోమ్ షెల్, విండోలను తెర మీద గీసే కంపోజిటర్ రెండూ ఒకే ప్రాసెస్, అంటే ఒకే ప్రోగ్రాముగా నడుస్తాయి. అది పడిందంటే సెషన్ మొత్తం పోయి లాగిన్ తెర ముందు కూర్చుంటాం. పాత పద్ధతి అయిన ఎక్స్‌11 రోజుల్లో ఆల్ట్, ఎఫ్2 కలిపి నొక్కి, "ఆర్" అని కొట్టి ఎంటర్ ఇస్తే షెల్ ఒక్కటే మళ్లీ మొదలయ్యేది, తెరిచినవన్నీ అలాగే ఉండేవి. వేలాండ్‌లో ఆ వెసులుబాటు లేదు. 2025 అక్టోబరులో వచ్చిన ఉబుంటు 25.10 నుంచి గ్నోమ్‌కు ఎక్స్‌11 సెషనే తీసేశారు.

ఇక ప్లాస్మా. దీన్ని తయారుచేసేది కేడీఈ బృందం. దీని చెడ్డపేరు పాతది. 2008 జనవరిలో కేడీఈ 4.0 వచ్చినప్పుడు అది ఇంకా పచ్చిగా ఉంది. అందరూ వాడుకోవడానికి కాదని రాసినవాళ్లే చెప్పినా, కొన్ని డిస్ట్రోలు (లినక్స్‌ను సర్ది అందించే రకాలు) దాన్ని జనం చేతిలో పెట్టేశాయి. ఆ మచ్చ ఇప్పటికీ పోలేదు. కానీ 2022లో వాళ్లు చేపట్టిన పని నాకు నచ్చింది. కొత్తగా కూర్చున్నవాడికి మొదటి పావుగంటలోనే కళ్లబడే బగ్గులన్నీ జాబితా కట్టి, వాటిని ఒక్కొక్కటిగా సరిచేస్తూ వచ్చారు.

నిర్మాణంలోనూ ప్లాస్మాది ముందు చూపే. ప్యానెల్, వాల్‌పేపర్ చూసేది ఒక ప్రాసెస్, విండోలను చూసేది కేవిన్ అనే ఇంకో ప్రాసెస్. ప్యానెల్ మాయమైతే కాసేపటికి తిరిగొస్తుంది, మన ఫైలు మాత్రం ఎక్కడికీ పోదు. 2024 ఫిబ్రవరిలో వచ్చిన ప్లాస్మా 6 నుంచి వేలాండ్‌లో కేవినే పడినా, క్యూటీ అనే టూల్‌కిట్‌తో రాసిన ఆప్‌లు బతికి మళ్లీ అతుక్కోగలవు. అన్ని ఆప్‌లకూ ఈ భరోసా లేదు, అది గుర్తుంచుకోవాలి.

మరి ప్లాస్మా నలిగేది ఎక్కడ? సెట్టింగుల అడవిలో. రెండు మానిటర్లు, మూడు ప్యానెళ్లు, ఎక్కడిదో ఒక థీమ్ కలిపామంటే ఆ కలయికను మనకంటే ముందు ఎవరూ పరీక్షించి ఉండకపోవచ్చు. పైగా డెస్క్‌టాప్ రూపాన్నంతా ఒకేసారి మార్చే గ్లోబల్ థీమ్‌లలో కోడ్ కూడా నడుస్తుంది. 2024 మార్చిలో అలాంటి ఒక థీమ్ పెట్టుకున్నవాడి ఫైళ్లే చెరిగిపోయాయి. ఎవరో అప్‌లోడ్ చేసిన థీమ్‌కు నేను మాత్రం దూరం.

ఎక్స్ఎఫ్‌సీఈ గురించి ఎక్కువ చెప్పడానికేం లేదు. దాని గొప్పా అదే. 4.12 వెర్షన్ 2015లో వస్తే, 4.14 రావడానికి 2019 దాకా పట్టింది. మార్పులు రాకపోతే కొత్త బగ్గులు ఎక్కడినుంచి వస్తాయి? ఉన్నవి పాతవి, అలవాటైనవి. ప్యానెల్, విండో మేనేజర్, డెస్క్‌టాప్ వేటికవి విడివిడి ప్రాసెస్‌లు. ఒకటి పోతే దాన్నొక్కదాన్నే లేపుకోవచ్చు. అయితే హైడీపీఐ (చుక్కలు దట్టంగా ఉండే తెర) లాప్‌టాప్‌కు మామూలు మానిటర్ తగిలించి రెండింటికీ వేర్వేరు స్కేలింగ్ (అక్షరాలు, ఐకాన్ల సైజు మార్పు) కావాలంటే ఇక్కడ అంత సవ్యంగా కుదరదు. 2024 డిసెంబరులో వచ్చిన 4.20లో కూడా వేలాండ్ ప్రయోగ దశలోనే ఉంది.

తెలుగు టైపింగ్‌లో ఎప్పుడూ తగిలే ఒక "బగ్గు" అసలు బగ్గే కాదు. గ్నోమ్‌లో ఐబస్ (తెలుగు లాంటి భాషల్లో టైప్ చేయించే ప్రోగ్రాము) ముందే జోడించి ఉంటుంది. ప్లాస్మా వేలాండ్‌లో మాత్రం అలాంటిదే అయిన ఎఫ్‌సీఐటీఎక్స్‌5 లాంటిది పెట్టుకుని, సెట్టింగుల్లో వర్చువల్ కీబోర్డ్ అనే చోట దాన్ని మనమే ఎంచుకోవాలి. వర్చువల్ కీబోర్డ్ అంటే తెర మీద తాకే కీబోర్డే అనుకుని అటువైపు ఎవరూ చూడరు. ఆర్‌టీఎస్‌లో (ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాసే పద్ధతి) టైప్ చేస్తే తెలుగు పడట్లేదని తిట్టుకుంటారు.

డిస్ట్రోను వదిలేసి డెస్క్‌టాప్‌నే తిట్టడమూ సరికాదు. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో ప్లాస్మా 6.3 ఉంది, ఆ డెబియన్ నడిచినన్నాళ్లూ అదే. కొత్త తలనొప్పి రాదు, నిజమే. కానీ ప్లాస్మా 6.4లో సరిచేసిన బగ్గు మనకు అలాగే ఉండిపోవచ్చు. ఎప్పటికప్పుడు కొత్త వెర్షన్లు ఇచ్చే ఆర్చ్ అనే డిస్ట్రోలో అయితే దీనికి తలకిందులు. అందుకే డెబియన్ మీద ఎక్స్ఎఫ్‌సీఈ నాకు చక్కటి జోడీ అనిపిస్తుంది. అక్కడ రెండూ నెమ్మదిగా మారేవే.

బిల్లులు కొట్టే షాపు కంప్యూటర్‌కో, ఫోన్ చేసి "ఐకాన్ పోయింది" అనే నాన్నగారి కంప్యూటర్‌కో నేను ఆ జోడీనే పెడతాను. ఎక్స్‌టెన్షన్ల జోలికి వెళ్లని మనిషికైతే గ్నోమ్ హాయి. నా లాప్‌టాప్‌లో మాత్రం ప్లాస్మానే, అదీ ఒక షరతు మీద. ప్లాస్మా 5 నుంచీ కొత్త వెర్షన్ వచ్చాక దిద్దుబాట్లు వారానికి ఒకటి, ఇంకో వారానికి ఒకటి, తర్వాత రెండు, మూడు, ఐదు వారాల ఎడంతో వచ్చే ఆనవాయితీ ఉంది. అంటే మూడో దిద్దుబాటు వచ్చేసరికి సుమారు నెల. ఆ నెల దాటాకే అప్‌డేట్ బటన్ మీద చేయి వేస్తాను.