గుణదల మాత కొండ: హైదరాబాద్ నుంచి పోయేవాళ్లకి

విజయవాడ గుణదల కొండ మీదున్న మరియమాత, అదే గుణదల మాత దగ్గరికి పోవాలంటే మా ఇంట్లో ఎప్పుడూ ఒకటే పద్ధతి. సాయంత్రం సికింద్రాబాద్‌లో శాతవాహన ఎక్కడం, రాత్రి విజయవాడలో దిగి స్టేషన్ దగ్గర లాడ్జిలో పడుకోవడం. అత్తమ్మ మాట కాదనలేక ఈసారీ అదే చేశాం. నన్నడిగితే ఆ లాడ్జి ఖర్చు దండగ. పొద్దున్నే ఖాళీ చేసినా రోజంతటి అద్దె తీసుకున్నారు, వేడినీళ్ల కోసం ఏడింటి దాకా కూర్చోబెట్టారు. తెల్లవారుజామున బయల్దేరే వందేభారత్ ఎక్కితే టిఫిన్ వేళకి విజయవాడలో ఉంటారు. టికెట్ ఎక్కువే కానీ గది అద్దె మిగులుతుంది. స్టేషన్ నుంచి గుణదలకి ఆటో మాత్రం బేరమాడి ఎక్కండి.

ఈ కొండ చరిత్రలో హైదరాబాద్ వాళ్లం చెప్పుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఇటలీ నుంచి వచ్చిన ఫాదర్ ఆర్లాటి ఇక్కడి సెయింట్ జోసెఫ్ అనాథాశ్రమం చూసుకుంటూ, 1924లో లూర్దు మాత స్వరూపాన్ని ప్రతిష్ఠించారు. అప్పటికి బెజవాడకి సొంత మేత్రాసనం (ఒక బిషప్ కింద ఉండే ప్రాంతం) లేదు. ఈ ప్రాంతం హైదరాబాద్ మేత్రాసనంలోనే ఉండేది, అంటే మన గన్‌ఫౌండ్రీ కెథడ్రల్ బిషప్ గారి కిందే. బెజవాడ 1933లో విడిపోయి, 1937లో మేత్రాసనమైంది. కొండపైన 18 అడుగుల ఇనుప సిలువ నిలబెట్టింది కూడా 1933లోనే. కింద గుడిని 1971లో ప్రతిష్ఠించారు.

కొండ వాలులో గుహలాంటి చోట మాత ఉంటుంది. తెల్లబట్టలు, నడుముకి నీలం పట్టీ, చేతిలో జపమాల. 1858 ఫిబ్రవరి 11న ఫ్రాన్స్‌లోని లూర్దులో తనకి కనిపించిందని 14 ఏళ్ల బెర్నదెత్ చెప్పిన రూపమిది. రూపం అక్కడిదైనా మొక్కులన్నీ మనవే: తలనీలాలు, కొబ్బరికాయలు. లైన్లో మా వెనకున్న పెద్దావిడ నుదుట రూపాయంత బొట్టు, మెడలో పసుపుతాడు. మనవడికి గుండు చేయించి తీసుకొచ్చింది. ఆమెని ఎవరూ వింతగా చూడలేదు.

నాకు నచ్చనిది కొవ్వొత్తుల దగ్గర. అత్తమ్మ వెలిగించిన కొవ్వొత్తి వేలెడు కూడా కరగలేదు, ఒక కుర్రాడు వచ్చి ఆర్పి, పక్కవాటితో కలిపి డబ్బాలో వేసేశాడు. వెనకొచ్చేవాళ్లకి చోటు కావాలి, నిజమే. అయినా ఆవిడ ఇంకా కళ్లు మూసుకునే ఉంది, ఒక్క నిమిషం ఆగొచ్చు.

మోకాళ్ల నొప్పులున్నవాళ్లు గుహ దగ్గరే ఆగిపోవడం మేలు. సిలువ దాకా ఎక్కాలంటే ఎండ ముదరకముందే బయల్దేరాలి, నీళ్ల సీసా వెంట ఉండాలి. పైనుంచి బెజవాడ బాగా కనిపిస్తుంది.

తిరునాళ్లు ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో. జనసందోహమే కావాలంటే అప్పుడే రండి. పెద్దవాళ్లని తీసుకొచ్చేటట్లయితే ఆ మూడు రోజులూ వదిలేయండి. సాయంత్రం తిరుగు వందేభారత్‌కి టికెట్ కూడా వెళ్లేటప్పటిదాంతో పాటే బుక్ చేసుకోండి, లేకపోతే మళ్లీ ఆ లాడ్జిలే గతి.