రోగిలా వారం గడపాలా, రోగి ఇంటికి వెళ్లాలా?

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి వైపు నర్సింగ్, ఎంబీబీఎస్ చదివే మన పిల్లలకు దీర్ఘకాలిక రోగి కష్టం తెలియాలంటే దారులు రెండు: వారం పాటు తామే రోగిలా మందుల వేళలు, పథ్యం పాటించడం, లేదా రోగి ఇంటికి వెళ్లి చూడటం.

ఖర్చు: రోగిలా గడపడానికి మాత్రల డబ్బా, అందులో మాత్రలకు బదులు పిప్పరమెంట్లు చాలు. ఇంటికెళ్తే బస్సు ఛార్జీలు.

శ్రమ: వేళకు ‘మాత్ర’, చప్పిడి కూడు. నాలుగు రోజులకే మరుపు మొదలవుతుంది. మందులు మానేసిన రోగిని కసరడం తగ్గేది అప్పుడే.

ముప్పు: డయాలిసిస్ రోగిలా నీళ్లు తగ్గించే ప్రయోగం వద్దు, మన ఎండలకు అసలే వద్దు. ఇంటికైతే ముందే అడిగి వెళ్లాలి, గుంపుగా పోకూడదు.

లోతు: ఇక్కడ ఇల్లే మేలు. సాధారణంగా వారానికి 3 సార్లు, సుమారు 4 గంటల చొప్పున డయాలిసిస్, పోయే కూలి, గ్లాసుతో నీళ్లు కొలిచి ఇచ్చే భార్య: ఇవేవీ హాస్టల్లో కనపడవు. ఒడియాలో ‘బాగానే ఉన్నా’నని ముగించే ముసలమ్మ తెలుగులో అడిగితే మనసు విప్పుతుంది.

మొదటి ఏడాది వాళ్లకు మాత్రల డబ్బా. వార్డు డ్యూటీలు మొదలయ్యాక, రోగి భాష వచ్చినవాళ్లకు ఇల్లు.