ఎయిర్ ట్యాంక్ బర్స్ట్ డిస్కులు: ఏళ్ల వాడకం తర్వాత సమీక్ష

పెయింట్‌బాల్ (రంగు గుళ్లు కాల్చే ఆట) ట్యాంకుల మీద బర్స్ట్ డిస్కులు, అంటే ఒత్తిడి హద్దు మీరితే పగిలి లోపలిదాన్ని బయటికి వదిలేసే పలచని లోహపు రేకులు, రెండు రూపాల్లో దొరుకుతాయి. డిస్క్, వాషర్ లోపలే కూర్చోబెట్టిన ప్లగ్ ఒకటి. అన్నీ విడివిడిగా వచ్చే కిట్ రెండోది. రెండూ బాగా వాడాను. మొదటిదే కొనమంటాను, కాస్త ఖరీదెక్కువైనా సరే. డిస్క్ మీద రాసిన ప్రెషర్ ఆ రేకు ఒక్కదానిదే కాదు. అది కూర్చున్న సీటు, బిగింపు, వేడి, అంతకుముందు పడ్డ శ్రమ, అన్నీ కలిస్తేనే ఆ అంకె నిజమవుతుంది. విడి కిట్‌లో వాటిలో సగం మన చేతి మీద ఆధారపడతాయి.

ముందు అంకెల సంగతి. ఎక్కువ అంకె ఉన్నది గట్టిది కాబట్టి మంచిదనుకుంటే ప్రమాదమే. అమెరికా రవాణా శాఖ (డాట్) ప్రమాణాల్లో ఈ ట్యాంకులను పని ఒత్తిడికి 5/3 రెట్ల దగ్గర పరీక్షిస్తారు. డిస్క్ ఆ పరీక్ష ఒత్తిడిని దాటనివ్వకూడదు. అందుకే 3000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌన్లలో ఒత్తిడి) ఎయిర్ ట్యాంకుకు 5000, 4500 ట్యాంకుకు 7500, 1800 రేటింగ్ ఉన్న సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) సిలిండర్‌కు 3000 డిస్క్ వస్తుంది. 3000 ట్యాంకుకు 7500 డిస్క్ పెడితే రక్షణ లేనట్టే. సీఓటూ డిస్క్‌ను 3000 ఎయిర్ ట్యాంకుకు పెడితే నింపుతుండగానే పోతుంది. అది నయం, కనీసం తప్పు అప్పుడే బయటపడుతుంది.

సీఓటూ మామూలుగా 21 డిగ్రీల దగ్గర 850 పీఎస్‌ఐ చుట్టుపక్కలే ఉంటుంది, మరి 3000 ఎందుకని అడుగుతారు. లోపలున్నది ద్రవం కాబట్టి. సిలిండర్‌లో పట్టే నీటి బరువులో 68 శాతం మించి నింపితే, వేడెక్కినప్పుడు ద్రవం వ్యాకోచించడానికి ఖాళీ మిగలదు. అక్కడి నుంచి ఒత్తిడి నిటారుగా లేస్తుంది. అందుకే తూకం వేసి నింపాలి, గేజ్ చూసి కాదు. గాలికి ఈ బెడద లేదు. 20 నుంచి 50 డిగ్రీలకు వెళ్తే ఒత్తిడి 10 శాతం పెరుగుతుందంతే. కాబట్టి సరిగా నింపిన ఎయిర్ ట్యాంక్ ఎండలో డిస్క్ పగలగొట్టిందంటే ఎండను తిట్టకండి, డిస్క్ అలిసిపోయి ఉంటుంది.

ఆ అలసట కంటికి కనిపిస్తుంది. కొత్త రాగి డిస్క్ చదునుగా ఉంటుంది. వాడినదాని మధ్య చిన్న ఉబ్బు లేస్తుంది, చుట్టూ వాషర్ నొక్కిన మెరిసే వలయం పడుతుంది. భూతద్దంతో ఉబ్బు మొదలయ్యే అంచు చూడండి: వెంట్రుకంత గీత ఉంటే అక్కడే చిరుగుతుంది. వలయం ఒకవైపు వెడల్పుగా, ఇంకోవైపు సన్నగా ఉంటే సీటులో మురికో పాత వాషర్ ముక్కో ఉండి డిస్క్ వాలి కూర్చుందన్నమాట. ప్రతి నింపుడూ రేకును ఒకసారి సాగదీసి వదులుతుంది. అందుకే తీసిన డిస్క్‌ను మళ్లీ పెట్టకూడదు, తిరగేసి అసలే పెట్టకూడదు.

విడి కిట్‌లలో ఎక్కువగా చెడేది బిగింపు దగ్గరే. మరీ బిగిస్తే అంచు దగ్గర రేకు పలచబడి రాసినదానికన్నా ముందే పోతుంది. వదులుగా ఉంటే డిస్క్ అంచు మధ్యకు జారి పక్కల నుంచి గాలి కారుతుంది. బిగింపు కొలిచే టార్క్ రెంచ్‌తో తయారీదారు చెప్పినంతే బిగించాలి. పాత వాషర్ తీయడానికి ఇనుప పుల్ల కాకుండా చెక్క పుల్ల వాడాలి, సీటు మీద గీత పడితే ఇక ఆ లీకు పోదు. ప్యాకెట్‌లో రెండు డిస్కులు అంటుకుని వస్తుంటాయి, వేలితో విడదీసి చూసుకోండి. రెండూ కలిపి పెడితే పగిలే ఒత్తిడి దాదాపు రెట్టింపవుతుంది. అల్యూమినియం డబ్బా కత్తిరించి డిస్క్ చేసుకునే వాళ్లకు నా దగ్గర సలహా ఏమీ లేదు, దూరంగా ఉండమనడం తప్ప.

పని మొదలుపెట్టే ముందు ట్యాంక్ పూర్తిగా ఖాళీ చేయాలి. బిగించాక మెల్లగా నింపి, ప్లగ్ పక్క రంధ్రాల దగ్గర సబ్బు నీళ్లు రాసి చూడాలి. గాలి ఎదురెదురు వైపులకు పోయి ట్యాంక్ ఎగిరిపోకుండా ఉండటానికే ఆ రంధ్రాలు. వాటిని టేపుతో మూయొద్దు, వాటి ఎదురుగా మొహం పెట్టొద్దు.

రెగ్యులేటర్‌కు (ట్యాంక్ ఒత్తిడిని తగ్గించి తుపాకీకి పంపే భాగం) రెండు డిస్కులుంటే ఏది పోయిందో చూస్తే సగం రోగం తెలిసినట్టే. ట్యాంక్ వైపుది పోతే అతిగా నింపడమో, పాతబడటమో. అవుట్‌పుట్ వైపు 1800 డిస్క్ పోతే తప్పు దాదాపు ఎప్పుడూ రెగ్యులేటర్ లోపల గాలిని ఆపే సీటుదే. మామూలు అవుట్‌పుట్ 850 లోపే కదా, సీటు కారి ఒత్తిడి పాకితేనే అంత వరకు వస్తుంది. సీటు మార్చకుండా కొత్త డిస్క్ పెడితే అదీ పోతుంది.

లోపం కూడా చెప్పాలి. రిలీఫ్ వాల్వ్ కాస్త వదిలి మళ్లీ మూసుకుంటుంది. డిస్క్ పగిలితే ట్యాంకంతా ఖాళీ. 8, 10 బార్ల కంప్రెసర్‌కు రిలీఫ్ వాల్వే మేలు. అధిక ఒత్తిడి దగ్గర మాత్రం చుక్క కారకుండా ఏళ్లు నిలిచేది డిస్కే. ట్యాంక్ నీటి ఒత్తిడితో చేసే హైడ్రో టెస్ట్‌కు వెళ్లినప్పుడల్లా కొత్తది వేయించండి, తరచూ నింపే ట్యాంకుకు ఇంకా ముందే.