అనంతపురంలో ‘ట్రాక్ సెట్టింగ్’ చేయిస్తున్నారా? బిల్లు కాదు, బోల్టు చూడండి

కారుకు కాంబర్ (చక్రాల వాలు) పెట్టించాలనుకునేవారు కొంచెం ఆగి ఇది చదవండి. బిల్లులో ‘కాంబర్ బోల్టులు’ అని ఉన్నంత మాత్రాన అవి కారులో ఉన్నట్టు కాదు. నా స్విఫ్ట్‌లో లేవు. డబ్బు మాత్రం పూర్తిగా తీసుకున్నారు.

చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్ మీద నడిపేముందు, కారు చక్రాలకు ఒకటిన్నర డిగ్రీ నెగటివ్ కాంబర్ అడిగాను. అంటే చక్రం పైభాగం కాస్త లోపలికి వాలి ఉండాలి. వేగంగా మలుపు తిరిగేటప్పుడు కారు ఒరిగి, బయటి వైపు చక్రం బయటికి వాలుతుంది. ముందే లోపలికి వాల్చి ఉంచితే ఆ సమయంలో టైరు నిండుగా నేలను పట్టుకుంటుంది. స్విఫ్ట్‌లో దీనికి కంపెనీ ఇచ్చిన సర్దుబాటు లేదు. అందుకే స్ట్రట్‌ను (షాక్ అబ్జార్బర్, స్ప్రింగ్ కలిసిన భాగం) నకిల్‌కు (చక్రాన్ని మోసే భాగం) బిగించే రెండు బోల్టుల్లో ఒకటి తీసి, నడుము సన్నగా, ఒక పక్క ఉబ్బుగా ఉండే బోల్టు వేస్తారు. దాన్ని తిప్పితే వాలు మారుతుంది.

అనంతపురంలో నేను పని చేయించిన షాపువారు హైడ్రాలిక్ జాకీ తగిలించి ఏకంగా స్ట్రట్‌నే వంచేశారు! గుంతల్లో దెబ్బతిన్న కార్లను ‘సరిచేయడానికి’ చాలా అలైన్‌మెంట్ షాపుల్లో వాడే పద్ధతే ఇది. వంగిన స్ట్రట్‌లో కడ్డీ నేరుగా ఆడదు, సీలు ఒరుసుకుపోయి ఆయిల్ కారుతుంది. బెంగళూరులో చక్రం విప్పించి చూస్తే కంపెనీ బోల్టులే ఉన్నాయి, గొట్టం మీద జాకీ నొక్కు, కిందంతా జిడ్డు. ఎడమ చక్రం రెండు డిగ్రీలు దాటింది, కుడిది ఒకటికి కూడా చేరలేదు.

కాంబర్ మారితే టో (పైనుంచి చూస్తే చక్రాల ముందు భాగం లోపలికో బయటికో తిరిగి ఉండటం) కూడా మారుతుంది, కాబట్టి చివర్లో టో సరిచేసి తీరాలి. దాన్ని ముట్టుకోనే లేదు. టైర్లను అరగదీయడంలో కాంబర్ కంటే టో తప్పే ప్రమాదకరం. అరుగుదల లోపలి అంచున ఉంటుంది కాబట్టి నిలబడి చూస్తే కనిపించదు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి చేత్తో తడిమి చూడండి.

ఇచ్చిన అలైన్‌మెంట్ కాగితంలో అన్ని గడులూ ఆకుపచ్చగా ఉన్నాయి. అనుమానించాల్సింది అక్కడే. ఆ యంత్రం కంపెనీ కొలతతో పోలుస్తుంది, నిజంగా ఒకటిన్నర డిగ్రీ పెట్టి ఉంటే కాంబర్ గడి ఎర్రగా రావాలి. పైగా కాగితం మీద ఉన్నది వేరే కారు పేరు.

అక్కడే వేయించిన అల్లాయ్ చక్రాలదీ ఇదే కథ. నాలుగు బోల్టుల రంధ్రాలు కుదిరాయని బిగించేశారు. స్విఫ్ట్ హబ్ (చక్రం కూర్చునే నడిమి భాగం) 54.1 మిల్లీమీటర్లు, ఈ చక్రాల నడిమి రంధ్రం 73.1. మధ్యలో ఖాళీ నింపడానికి వేయాల్సిన హబ్ రింగులు లేవు. హైవే వేగంలో స్టీరింగ్ వణికేది అందుకే.

అడిగితే “రోడ్డు కార్లకు అందరూ ఇలాగే చేస్తారు” అన్నారు. మరి బోల్టులకు బిల్లెందుకు వేశారన్న ప్రశ్నకు జవాబు లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేశాను. కొత్త స్ట్రట్‌లు వేయించి, పాతవి ఆధారంగా దాచాను. ఇక్కడ ఇలాంటి పని చేయించుకున్నవారు ఇంకెవరైనా ఉంటే చక్రం విప్పించి బోల్టులు ఫొటో తీయండి, పాత భాగాలను తుక్కుకు వేయకండి.