ఏడీసీ పిన్ ముందు ఆప్‌ఆంపా, కెపాసిటరా? ఏది మేలు?

12 వోల్టుల బ్యాటరీని 3.3 వోల్టుల మైక్రోకంట్రోలర్ ఎస్‌టీఎం32ఎఫ్103తో, అంటే అందులో వోల్టేజీని అంకెగా మార్చే ఏడీసీతో కొలవాలి. 100 కిలోఓమ్‌లు పైన, 22 కిలోఓమ్‌లు కింద పెట్టి వోల్టేజీని తగ్గించే డివైడర్ కడితే, ఛార్జింగ్‌లో బ్యాటరీ 14.4 దాకా వెళ్లినా పిన్ దగ్గర 2.6 వోల్టులే. లెక్క కుదిరింది. రీడింగ్ మాత్రం కుదరదు: పక్క ఛానెల్‌లో (ఏడీసీ చదివే మరో పిన్‌లో) వోల్టేజీ మారితే ఇదీ కదులుతుంది. మొదటిసారి ఇది చూసినప్పుడు రెసిస్టర్లను అనుమానించి రెండుసార్లు మార్చాను. తప్పు వాటిది కాదు.

ఏడీసీ లోపల 8 పికోఫారడ్ల దాకా ఉండే చిన్న కెపాసిటర్ ఉంది. ప్రతి రీడింగ్‌కూ అది మన పిన్ నుంచే నిండాలి. అలా నిండడానికి ఇచ్చే శాంప్లింగ్ సమయం అతి తక్కువగా 1.5 క్లాక్ సైకిళ్లు. 14 మెగాహెర్ట్జ్ వద్ద అది 0.11 మైక్రోసెకను. అంత తొందరలో నిండాలంటే సోర్స్ రెసిస్టెన్స్ 0.4 కిలోఓమ్ దాటకూడదు. మన డివైడర్ పిన్ వైపు నుంచి చూస్తే, రెండు రెసిస్టర్లూ సమాంతరంగా కలిసి, 18 కిలోఓమ్‌లు. నిండనిచోట పాత ఛానెల్ మిగులు కనిపిస్తుంది.

అందుకే మొదటి మందు సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది. శాంప్లింగ్ సమయాన్ని 28.5 సైకిళ్లకు పెంచితే 25 కిలోఓమ్‌ల దాకా చెల్లుతుంది. పైసా ఖర్చు లేదు. కానీ నాయిజ్ అలాగే ఉంటుంది.

నా ఓటు కెపాసిటర్‌కే. పిన్ పక్కనే, గ్రౌండ్‌కు 100 నానోఫారడ్లు. లోపలి 8 పికోఫారడ్లు దీని నుంచి ఒక్క గుక్క తీసుకుంటే 12 బిట్ల ఏడీసీ గుర్తించే అతి చిన్న మెట్టులో సగం కూడా తగ్గదు. అందుకు 65 నానోఫారడ్లు చాలు, 100 ఉన్నాయి. పైగా 88 హెర్ట్జ్ ఫిల్టర్ ఉచితంగా వచ్చినట్టే. ఖాళీ అయిన కాస్తా 1.8 మిల్లీసెకన్ల టైమ్ కాన్‌స్టంట్‌తో తిరిగి నిండుతుంది. సెకనుకు పదిసార్లు చదివే బ్యాటరీకి అంతకన్నా ఏం కావాలి?

కరెంటు ఆదాకని 1 మెగాఓమ్, 220 కిలోఓమ్‌లు వాడబోతే మాత్రం ఆగండి. పిన్ లీకేజీ (పిన్‌లో కారిపోయే కరెంటు) 1 మైక్రోఆంప్ ఉన్నా, పిన్‌కు కనిపించే 180 కిలోఓమ్‌ల మీద 0.18 వోల్టులు పడతాయి. బ్యాటరీ లెక్కలో అది పూర్తిగా ఒక వోల్టు తప్పు. కెపాసిటర్ దీన్ని దాచలేదు.

ఇక్కడే చాలామంది ఆప్‌ఆంప్ వైపు, అంటే సిగ్నల్‌ను పెంచే లేదా బలంగా అందించే చిప్ వైపు వెళ్తారు. ఎంసీపీ6002 తీసుకుంటే ఒక్కో ఆంప్ దాదాపు 100 మైక్రోఆంపులు తాగుతుంది. బ్యాటరీ నుంచి మన డివైడర్ (100, 22 కలిపి 122 కిలోఓమ్‌లు) తాగేదీ అంతే, ఇక ఆదా ఎక్కడ? దాని ఆఫ్‌సెట్, అంటే అది సొంతంగా కలిపే తేడా, 4.5 మిల్లీవోల్టుల దాకా ఉండొచ్చు. ఏడీసీ మెట్టు 0.8 మిల్లీవోల్టు కాబట్టి ఐదు మెట్లకు పైనే తప్పు. ఎల్‌ఎం358ని 3.3 వోల్టుల మీద పెడితే ఇంకా ఘోరం, ఔట్‌పుట్ 1.8 చుట్టుపక్కలే ఆగిపోతుంది. గోరుతో పోయేదానికి గొడ్డలెందుకు?

గొడ్డలి కావలసిన చోట్లు వేరే ఉన్నాయి. కె రకం థర్మోకపుల్ డిగ్రీకి 41 మైక్రోవోల్టులే ఇస్తుంది, పెంచకుండా చదవలేం. పీహెచ్ ఎలక్ట్రోడ్ వందల మెగాఓమ్‌ల సోర్స్, దానికి బఫర్ (సోర్స్ మీద భారం పడకుండా వోల్టేజీని అందించే ఆప్‌ఆంప్) తప్పదు. మోటార్ కరెంటు, మైక్రోఫోన్ లాంటి వేగమైన సిగ్నళ్లకు 88 హెర్ట్జ్ ఫిల్టర్ పెడితే సిగ్నలే పోతుంది. అక్కడ ఆప్‌ఆంప్ పెట్టండి. దాని ఔట్‌పుట్‌కు మాత్రం పెద్ద కెపాసిటర్ నేరుగా తగిలించకండి, ఆసిలేట్ అవ్వొచ్చు, అంటే ఔట్‌పుట్ తనంతట తానే ఊగిపోవచ్చు. మధ్యలో చిన్న రెసిస్టర్ ఉండాలి.