చందంపేట తండాల దారిలో పాత డస్టర్ ఏడబ్ల్యూడీ

ఈ బండి గురించి చెప్పాలంటే ముందు దాని డిక్కీలో ఉండే మూడు లీటర్ల నైట్రోజన్ క్యాన్ గురించి చెప్పాలి. నేను పశువుల డాక్టర్ని. దేవరకొండ, చందంపేట, నేరేడుగొమ్ము వైపు ఊళ్లూ తండాలూ తిరగడమే నా పని. ఎదకొచ్చిన బర్రెకు కృత్రిమ గర్భధారణ చేయాలంటే వీర్యం ఉన్న సన్నటి గొట్టాలు మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో మునిగి ఉండాలి. క్యాన్ ఒరగకూడదు, ఎగిరిపడకూడదు. తొణికి నైట్రోజన్ తగ్గిపోతే లోపలున్న సరుకంతా దండగ. పాత చిన్న కారులో దాన్ని వెనక సీట్లో కూర్చోబెట్టి, బెల్టు పెట్టి, ఏసీ ఉన్నా అద్దం కాస్త దించి నడిపేదాన్ని. మూసిన బండిలో ఆ ఆవిరి నిండితే మనకే ఊపిరాడదు మరి. ప్రతి గుంతకూ వెనక్కి తిరిగి చూడటంతో మెడ నొప్పి ఒకటి మిగిలింది.

అందుకని 2019లో హైదరాబాద్‌లో 2015 మోడల్ రెనో డస్టర్ ఏడబ్ల్యూడీ, అంటే నాలుగు చక్రాలకూ ఇంజన్ పవర్ అందే రకం, కొన్నాను, సెకండ్ హ్యాండ్‌లో. అప్పటికి 62 వేల కిలోమీటర్లు తిరిగింది. ఇప్పుడు లక్షా నలభై వేలు దాటింది. నెంబరు ప్లేటు మీద ఇంకా టీఎస్ అనే ఉంది.

కొనేముందు అందరూ ఒకటే మాట. "నాలుగు చక్రాలకు పవర్ నీకెందుకు? అది కొండలెక్కేవాళ్లకు. మైలేజీ పోతుంది, రిపేరొస్తే చచ్చిపోతావు." వాళ్లన్నది సగం నిజమే. నాలుగు చక్రాలకూ పవర్ పంపే లాక్ నాబ్‌ను ఆరేళ్లలో నేను తిప్పింది మహా అయితే ఇరవై సార్లు. అయినా ఏడబ్ల్యూడీయే మేలు అంటాను. దానికి కారణం వేరే ఉంది.

ఇంజన్ 1.5 లీటర్ల టర్బో డీజిల్, 110 హార్స్ పవర్, ఆరు గేర్లు, అన్నీ చేత్తో వేసుకోవాల్సినవే. మామూలు డస్టర్‌లోనూ ఇదే ఇంజన్ వచ్చేది. తేడా అంతా కింద ఉంది. మామూలు దానికి వెనక రెండు చక్రాలనూ కలిపే ఒకే దూలం లాంటిది ఉంటుంది, ఒక చక్రం గుంతలో పడితే రెండోదానికీ ఆ దెబ్బ తెలుస్తుంది. ఏడబ్ల్యూడీలో వెనక చక్రాలు దేనికది విడిగా ఆడతాయి. నా క్యాన్‌కు కావలసింది అదే. డిండి నుంచి ఊళ్లలోకి వెళ్లే గతుకుల దారిలో యాభై మీద పోయినా క్యాన్ మూత కదలదు. ఇప్పుడు మెడ తిప్పడం మానేశాను.

రెండోది మొదటి గేరు. ఏడబ్ల్యూడీకి మొదటి గేరు బాగా పొట్టిగా పెట్టారు. యాక్సిలరేటర్ మీద కాలు లేకపోయినా మనిషి వడివడిగా నడిచేంత వేగంతో బండి తనంతట తాను పాకుతుంది. జీపుల్లో ఉండే లో రేంజ్, అంటే బండిని మరీ నెమ్మదిగా, బలంగా లాగించే అదనపు గేర్ల వరస, దీనికి లేదు. ఆ లోటును ఈ గేరే కొంత పూడుస్తుంది. ఊళ్లో సిగ్నల్ దగ్గర మాత్రం విసుగు, ఫస్ట్‌లో కదిలామో లేదో సెకండ్ వేయాలి. ఖాళీ రోడ్డు మీద నేను నేరుగా సెకండ్‌లోనే కదిలిస్తాను. అలా చేయకూడదని మెకానిక్ తిడతాడు.

పోయిన సెప్టెంబరులో రాత్రి పదికి చందంపేట మండలంలోని ఒక తండా నుంచి ఫోన్. బర్రె ఈనలేకపోతోంది, దూడ తల పక్కకు తిరిగింది. మూడు రోజుల నుంచి వాన. తండాకు ముందు అర కిలోమీటరు ఎర్రమట్టి ఎగువ, మధ్యలో తేలిన రాళ్లు. రైతు టార్చి లైటుతో ఎదురొచ్చాడు. "బండి ఆడ్నే ఆపు డాక్టరమ్మా, ట్రాక్టర్ తెస్త" అన్నాడు. ట్రాక్టర్ వచ్చేదాకా బర్రె ఆగదు. నేను గర్వానికి పోయి టూ వీల్ డ్రైవ్‌లోనే ఎక్కించబోయాను. ముందు చక్రాలు తిరిగిన చోటే తిరిగాయి, క్లచ్ కాలిన వాసన వచ్చింది. వెనక్కి వచ్చి, గేరు రాడ్ దగ్గరున్న గుండ్రటి నాబ్‌ను లాక్‌లోకి తిప్పి, ఫస్ట్ వేసి, కాలు అన్నిటి మీద నుంచీ తీసేశాను. బండి తనంతట తనే రాయి మీద రాయి తడుముకుంటూ ఎక్కింది. గంటన్నరకు పెయ్య దూడ బయటపడింది, తల్లీ బాగుంది. తిరిగొచ్చేటప్పుడు దిగువలోనూ అదే ఫస్ట్ గేరు, బ్రేకు జోలికి పోలేదు.

ఆ రాత్రే కింద వాగు కల్వర్టు మీదకు వచ్చేసింది. రెండు గంటలు బండిలో కూర్చున్నాను, దాటలేదు. పారే నీటిలో బండి తేలిందంటే ఎన్ని చక్రాలకు పవర్ ఉన్నా దండగే.

లాక్ అనే మాట కొంత మోసం చేస్తుంది. ఆటోలో పెడితే బండి మామూలుగా ముందు చక్రాలతో నడుస్తూ, అవి జారినప్పుడు మాత్రం వెనక్కి పవర్ పంపుతుంది. వెనక రెండు చక్రాలకూ పవర్ పంచే డిఫరెన్షియల్ ముందున్న ఒక కరెంటు క్లచ్ ఆ పని చేస్తుంది. లాక్ వేస్తే నిదానమైన వేగంలో ముందూ వెనకా సగం సగం. కానీ కుడికీ ఎడమకూ మధ్య లాక్ లేదు. నేరేడుగొమ్ము దగ్గర ఒక బండ్ల బాటలో ముందు ఎడమ చక్రమూ వెనక కుడి చక్రమూ గాలిలో వేలాడి, పవరంతా ఆ రెంటికే పోయి గిరగిరా తిరిగాయి. మేకలు కాసేవాళ్లు నలుగురు వచ్చి రాళ్లు పెడితే గానీ కదల్లేదు. తప్పు నాదే, ఆ గండి దిగి చూడకుండా పోయాను.

నల్లరేగడి సంగతి ఇంకో రకం. కల్వకుర్తి వైపు పత్తి చేల మధ్య వాన పడ్డాక పోవాల్సి వచ్చింది. రేగడి టైరు గాళ్లలో నిండి, టైరు కాస్తా నున్నటి మట్టి ముద్ద అవుతుంది. అప్పుడు నాలుగు చక్రాలూ కలిసికట్టుగా జారతాయి. ఎర్ర చెలకలో నా బండి రాజు, రేగడిలో కూలీ. అక్కడ ఆగకుండా ఒకే ఊపులో పోవాలి, ఆగితే అయిపోయినట్టే. మట్టి దారుల టైర్లు వేస్తే కొంత నయం. కంపెనీ నుంచి వచ్చే 215/65 ఆర్16 రోడ్డు టైర్లతో మాత్రం కష్టం.

టైర్లంటే గుర్తొచ్చింది. నేను కొన్నప్పుడు ముందు రెండు కొత్తవి, వెనక రెండు అరిగినవి. "ముందువి బాగుంటే చాలు మేడం" అన్నాడు అమ్మినతను. ఈ రకం బండికి నాలుగు టైర్లూ ఒకే కంపెనీవి, ఒకేలా అరిగినవి ఉండాలి. చుట్టుకొలత తేడా ఉంటే ముందు చక్రాలూ వెనక చక్రాలూ వేర్వేరు లెక్కన తిరుగుతాయి, ఆ భారం మధ్యలో ఉన్న క్లచ్ మీద పడుతుంది. మలుపుల్లో కింద ఏదో పట్టి లాగినట్టుండేది. నాలుగూ మార్చాకే పోయింది, ఆ నెల జీతంలో సగమూ పోయింది.

మంచి రోడ్డు మీద ఎలా ఉంటుందంటే, 1800 ఆర్‌పీఎం లోపు నిద్రపోయే దున్నపోతు. అది దాటగానే టర్బో లేచి ఒక్కసారి ముందుకు నెడుతుంది. లారీని దాటాలంటే ముందే గేరు తగ్గించి సిద్ధంగా ఉండాలి, ఉన్న గేరులోనే తొక్కితే గుండె జారుతుంది. మల్లేపల్లి నుంచి హైదరాబాద్ రోడ్డు మీద తొంభైలో ఆరో గేరు వేస్తే ఇంజన్ ఉందో లేదో తెలియదు. మన్ననూరు దాటాక శ్రీశైలం ఘాట్‌లో మూడో గేరే దీని ఇల్లు. మలుపుల్లో ఇంత ఎత్తు బండి ఒరగాల్సినంత ఒరగదు. అడవిలో స్పీడుగా పోకండి, జంతువులు అడ్డమొస్తాయి, చెక్‌పోస్టు కూడా రాత్రి తొమ్మిదికి మూసేస్తారు. స్టీరింగ్ నెమ్మది మీద బరువు. రోజంతా తిరిగి సాయంత్రం దేవరకొండ బజారులో పార్కింగ్ చేసేటప్పుడు చేతులు తెలుస్తాయి.

మైలేజీ హైవేలో పదిహేను, ఊళ్లలో పన్నెండు. కంపెనీ చెప్పిన అంకెను నేను మర్చిపోయాను, మీరూ మర్చిపోండి.

లోపల చూస్తే ఇదెవరు గీశారా అనిపిస్తుంది. అద్దాలు సర్దే బటన్ హ్యాండ్ బ్రేక్ కింద దాక్కుని ఉంటుంది. బ్రేకు లేపితే తప్ప చేయి పట్టదు. స్క్రీన్ మోకాళ్ల దగ్గర. స్పేర్ టైరు మామూలు డస్టర్‌లో బండి కింద వేలాడితే, దీంట్లో డిక్కీ లోపలికి వచ్చింది. దాంతో 475 లీటర్ల చోటు 410 అయింది. బురదలో పడుకుని స్టెప్నీ తీసే బాధ తప్పింది గానీ, పంక్చరైతే ముందు గాలికుంటు టీకాల ఐస్ బాక్సు, మందుల పెట్టె, క్యాన్ అన్నీ రోడ్డు మీద పెట్టాలి. ఓసారి వాటిని చూసి జనం పోగై, టీకాల క్యాంపు అనుకుని రెండు మేకలను కూడా పట్టుకొచ్చారు. వేసి పంపాను.

2020లో బీఎస్6 కాలుష్య నియమాలు వచ్చాక ఈ డీజిల్ ఇంజన్ ఆగిపోయింది, కాబట్టి దొరికేవన్నీ పాతవే. కొనేవాళ్లు టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో బిల్లు అడగండి. వెనక డిఫరెన్షియల్ ఆయిల్ సంగతీ అడగండి, చాలామంది అది ఉందనే మర్చిపోతారు. తర్వాత బండిని రోడ్డు పక్క వదులు ఇసుకలోకి దింపించి, లాక్ వేసి, మెల్లగా కదిలిస్తూ వెనక చక్రాలు కూడా తవ్వుతున్నాయా అని ఎవరినైనా దూరంగా నిలబెట్టి చూడమనండి. నాకు చూసిపెట్టింది మా అమ్మ. చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని, రోడ్డు మీద వంగి, "తిరుగుతున్నయి బిడ్డా, రెండూ తిరుగుతున్నయి" అని అరిచింది. నా పెళ్లికి బంగారం కొన్నప్పుడు కూడా అంత వంగి చూడలేదు.